ఒడిబియ్యం ఎవరు పోయాలి

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల కాస్త నెరవాలి, మోకాళ్లలో నొప్పులు పుట్టాలి. నాకింకా ఆ రెండూ రాలేదు. వచ్చిందల్లా పది నెలల పాప. దాని కోసమే కౌన్సెలర్ ఉద్యోగం మానేశాను. అది నిద్రపోయాక ఇది రాస్తున్నాను. మధ్యమధ్యలో లేచి వెళ్లి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వస్తున్నాను. అలా చూడక్కర్లేదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఊళ్లోవాళ్ల భయాలన్నీ ఏళ్ల తరబడి కూర్చుని విన్నదాన్ని, నా భయానికి మాత్రం నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

జనగామలో నాతో పనిచేసిన స్నేహితురాలు ఇప్పుడు కొత్త కౌన్సెలర్లకు శిక్షణ ఇస్తోంది. "మా పిల్లల కోసం ఒక కేసు గురించి రాసివ్వు. గెలిచిన కేసే రాయాలని ఏం లేదు" అంది. అందుకని మీకు రాస్తున్నాను. ఇందులో పేర్లు ఉండవు. ఊరు కూడా చెప్పను. స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు దిగి ఆటో ఎక్కి వెళ్లే ఊళ్లలో ఒకటి అనుకోండి. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మా కుటుంబ సలహా కేంద్రం జనగామలో ఒక పాత భవనంలో రెండు గదులు. ముందు గదిలో వచ్చినవాళ్లు కూర్చునేవారు. లోపలి గదిలో మేం మాట్లాడేవాళ్లం. భర్త మాట విడిగా, భార్య మాట విడిగా విని, ఆ తర్వాతే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం మా పద్ధతి. మా సీనియర్ మేడం డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. మనుషులు కూడా పట్టాల మీదే నడవాలని ఆవిడ నమ్మకం. లోపలి గదిలో కుర్చీలన్నీ ఒకే ఎత్తువి ఉండాలని పట్టుబట్టి మార్పించింది. నేను చేరిన రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"వాళ్లు తెచ్చిన జామపండు గూడ తినకు. నీ ఫోన్ నంబరియ్యకు. వాళ్ల పెండ్లికి పోకు, చావుకు పోకు. ఆలుమగలు ఇద్దరు మనకు ఒకటే. ఈ గదిల విన్న మాట ఈ గదిలనే ఉండాలె."

"అక్కా అని పిలుస్తరు గద మేడం, ఏం చెయ్యాలె?"

"పిలువనీ. మన దిక్కు కండక్టర్‌ను గూడ అన్నా అనే పిలుస్తరు. అందుకని ఆయన టికెట్ అడగకుంట ఉంటడా?"

ఊడ్చి, టీ తెచ్చే ఆయమ్మ మా పనిని చూసి ఎప్పుడూ ఆశ్చర్యపోయేది. "మాట్లాడినందుకు మీకు జీతమిస్తున్నరు బిడ్డా! మా కాలంల మొగని మీద మాట్లాడితే వీపు మీద పడేటియి" అని నవ్వేది.

నేను చెప్పబోయే కేసులోని ఆమె మొదటిసారి వచ్చినప్పుడు మూడేళ్ల కూతురిని చంకన వేసుకుని వచ్చింది. పాపను బయట ఆడిస్తానని ఆయమ్మ చేతులు చాపితే ఇవ్వలేదు. కుర్చీలో కూర్చున్నాక కూడా పాప గౌను అంచు పిడికిట్లో పట్టుకునే ఉంది.

చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయారు. మహబూబాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో పెరిగింది. ఇంటర్ పాసైంది. భర్త వరికోత మిషన్ డ్రైవర్. ఏదో పెళ్లిలో ఆమెను చూసి ఇష్టపడి చేసుకున్నాడు. కోతల కాలంలో ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. అతను ఊళ్లో లేనన్నాళ్లూ అత్త నోరు ఈమెకు దినమూ ఉండేదే.

"నీ దిక్కుకెల్లి ఒక్క మనిషన్న ఈ కడప తొక్కిండా అంటది అక్కా. ఎనుక ముందు లేనిదాన్ని తెచ్చుకున్నడు నా కొడుకు అంటది. ఎల్లగొడ్తనంటది. పోవుడు నాకు కష్టం గాదు. ఏడికి పోవాల్నో చెప్పుమను."

"పాపను?"

"పిల్లను ఇడిచిపెట్టి పొమ్మంటది."

ఆమె ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఉండనిస్తేనే కూతురు దక్కుతుంది.

లేచి వెళ్లబోతూ అడిగింది. "నేను చెప్పింది మా ఆయినకు చెప్తవా?"

"నువ్వు చెప్పమన్నది తప్ప ఏదీ చెప్పను."

"ఒట్టేనా?"

"ఒట్టు అక్కర్లేదు. నా పనే అది."

పాప గౌను అంచు అప్పుడు వదిలింది.

తర్వాత భర్తను పిలిపించాం. వస్తాడో రాడో అనుకున్నాం గాని వచ్చాడు. చొక్కా మడతల్లో ఇంకా వరి దుమ్ము ఉంది. కుర్చీ అంచున కూర్చున్నాడు. "మా అమ్మ నోరు గంతే మేడం. లోపల ఏం లేదు. నడిమిట్ల నేను నలుగుతున్న" అన్నాడు. చెడ్డవాడు కాదు. కొట్టడు, తాగడు. కాకపోతే ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా మిషన్‌కు ఏదో రిపేరుందని గుర్తొచ్చేది అతనికి.

ఇద్దరూ మా దగ్గరికి రావడం అలవాటైంది. ఆమె మొహంలో నవ్వు మొదలైంది. ఒకసారి అతని ముందే అంది. "మిషన్ మీద ఉంటే ఊరంత వినపడేటట్టు మొత్తుకుంటడు అక్కా. అమ్మ ముంగటికి రాంగనే ఇంజన్ బంద్." అతను కూడా నవ్వాడు. ఆ రోజే, ఈ కోతలు అయిపోగానే ఘన్‌పూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుంటానని తనంతట తనే అన్నాడు. వేరు కాపురం మాట మేం అనలేదు, అతనే అన్నాడు. మా సీనియర్ మేడం వాళ్లు వెళ్లాక టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకుంది. ఆవిడ సంతోషం అలాగే ఉండేది.

ఆ తర్వాత ఆమె ఒక్కతే వచ్చింది. చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి అసలు మాటకు వచ్చింది.

ఈ కాగితం చదివేవాళ్లలో దూరం నుంచి వచ్చినవాళ్లుంటే వాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు తల్లిగారింటివాళ్లు కొన్నేళ్లకొకసారి ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర కట్టించి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు, రవిక గుడ్డ ఒడిలో నింపుతారు. ఆడబిడ్డ ఆ బియ్యాన్ని అత్తగారింట్లో వండి అందరికీ పెడుతుంది. ఒక్కోసారి తల్లిగారే బియ్యం పట్టుకుని అత్తగారింటికి వస్తారు. ఈమె వెనక ఒక ఇల్లు ఉందని నలుగురికీ తెలిసే రోజు అది.

ఆమె ఆడబిడ్డకు, అంటే భర్త చెల్లెలికి, ఆ ఇంట్లో ఒడిబియ్యం పోసే కార్యం పెట్టుకున్నారు. చుట్టాలందరినీ పిలిచారు. అత్త ఈమెతో అన్నదట: "నీకు గూడ పోసెటోళ్లెవలన్న ఉంటే పిలుచుకోరాదు? ఒక్క వంటల అయిపోతది."

"అక్కా, నువ్వు వచ్చి పోస్తవా?" అంది. "అన్ని నేనే కొంట. రవిక గుడ్డ గూడ నేనే కొంట. నువ్వు ఉట్టి చేతులతోని రా. మా పెద్దమ్మ బిడ్డ అని చెప్త. అత్త నిన్ను ఎన్నడు చూడలే. ఆయినను జర కోతలకెల్లి లేటుగ రమ్మంట."

నేను పెన్ను కింద పెట్టేసరికి నవ్వించాలని చూసింది. "పెండ్లయినదానివి, ముత్తైదువవు. అన్ని తీర్ల సరిపోతవు." తర్వాత గొంతు తగ్గించింది. "నా సంగతంత తెల్సినోళ్లు నాకింకెవలున్నరు అక్కా? ఇది ఆయినకు చెప్పకు."

ఆలోచించి చెబుతానని పంపించాను. ఆయమ్మ టీ పెట్టి వెళ్లేదాకా ఆగి, తలుపు దగ్గరగా వేసి మా సీనియర్ మేడంకు చెప్పాను. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. వెళ్లాలని ఉందని కూడా చెప్పాను.

"పోస్తే ఆమెకు నువ్వు ఏమైతవు?" అని అడిగింది.

"ఒక్క రోజు అక్కనైత."

"ఒక్క రోజు అక్కలు ఉండరు. రేపు ఆమె మొగడు వచ్చి ఈ కుర్చీల కూసుంటడు. ఆయన మాట ఇనేటప్పుడు నువ్వు కౌన్సెలర్‌వా, వదినెవా? మనల నమ్మి గది కిరాయికి తీస్కుంటనన్నడు. వాళ్లమ్మ ముంగట నువ్వు అబద్ధంతోని నిలవడితే ఆయనకేం మిగుల్తది? సరే, అది గూడ పక్కకు పెట్టు. ఎల్లుండి ఏదో గొడవైతది. మూట సర్దుకుని, పిల్లనెత్తుకుని నీ ఇంటికొస్తది. తల్లిగారింటికి వచ్చినట్టే వస్తది. తలుపు తీస్తవా?"

హనుమకొండలో మేముండే ఇల్లు గుర్తొచ్చింది. మా అత్తమ్మ, మామయ్య, కాలేజీ చదివే మరిది, రెండు గదులు.

"తీస్తనని చెప్పు, నేనే నిన్ను బస్సెక్కిస్త" అంది మేడం.

చెప్పలేకపోయాను.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు పాప భుజం మీద నిద్రపోతోంది. నాకు తెలిసినంత మెత్తగా చెప్పాను. మీ ఇద్దరికీ సాయం చేయాల్సినదాన్ని, ఒక వైపు చుట్టాన్ని అయిపోతే ఆ పని చేయలేను అన్నాను. నీ మీద ప్రేమ లేక కాదన్నాను. చదువులో నేర్పిన వాక్యాలు అక్కరకు వచ్చాయి. ఒక్కటీ తడబడకుండా వచ్చాయి.

ఆమె మొత్తం విన్నది. "సరే మేడం. మీకు ఇబ్బందైతదని తెల్వక అడిగిన" అంది. అంతవరకు ఆమె నన్ను అక్కా అని, నువ్వు అని పిలిచేది. పాపను ఇంకో భుజానికి మార్చుకుని వెళ్లిపోయింది. తర్వాత రావాల్సిన రోజు రాలేదు. మేం కోతల కాలం అనుకున్నాం.

వచ్చింది ఆమె భర్త. ముందు చెప్పకుండా ఒక మధ్యాహ్నం వచ్చాడు. మా సీనియర్ మేడం ఆ రోజు వరంగల్‌లో మీటింగ్‌కు వెళ్లింది. ఆయమ్మ ఇచ్చిన నీళ్లు తాగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"మా చెల్లెకు ఒడిబియ్యం పోసిన్రు మేడం. మా మామలు, మేనత్తలు అందరచ్చిన్రు. ఈమె పొద్దటికెల్లి మా అక్క వస్తది, మా అక్క వస్తది అన్నది. ఎన్నో దినాల ముంగటనే మా అమ్మకు చెప్పి పెట్టిందట, మా పెద్దమ్మ బిడ్డ ఉన్నదని. నాకే తెల్వదు. చాపేసి, పీటేసి అందరం ఎదురుచూసినం. మా అమ్మ ఊకుంటదా? 'ఏదే మీ అక్క? బస్సు దొరకలేదా? ఇంకా పుట్టలేదా?' అన్నది. అందరు నవ్విన్రు."

ఆగాడు. నేను నీళ్ల గ్లాసు అతని వైపు జరిపాను.

"పొద్దు వంగింది. ఈమె పోయి పీట మీద కూసున్నది. పళ్లెం దగ్గరికి గుంజుకుని, బియ్యం దోసిళ్లతోని తీసి తన ఒళ్లె తనే పోస్కున్నది మేడం. ఎవ్వల దిక్కు చూడలే. అట్ల పోస్కుంటరా ఎవలన్న? మా మేనత్త అరిష్టమన్నది. మా అమ్మ ఒళ్లెకెల్లి బియ్యం గుంజి పారేసింది. నేను... నేను గూడ లేని అక్కను ఎందుకు పుట్టిచ్చినవని అందరి ముంగట అన్న. పెద్దగనే అన్న. జిందగీల మొదటిసారి పెద్దగ మాట్లాడిన."

ఆమె లేచిందట. పిల్లను తీసుకోబోతే అత్త గుంజుకుందట. కొంగులో చిక్కుకున్న బియ్యం వాకిట్లో రాలుతుండగా నడిచి వెళ్లిపోయిందట. ఆ తర్వాత ఎవరి ఫోన్ నుంచో ఒకసారి మాట్లాడి, మంచిగనే ఉన్న, నన్ను దేవులాడకు అని చెప్పి పెట్టేసిందట.

"మీకు అన్ని చెప్పేది గద మేడం. అక్క నిజంగ ఉన్నదా?"

"ఆమె నాతో చెప్పుకున్నవి ఆమె ఒప్పుకోకుండా నేను మీకు చెప్పలేను" అన్నాను.

"అంటే మీకు తెల్సు."

నేను ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టాను.

"ఏడున్నదో చెప్పకుండ్రి. పేరు గూడ వద్దు. ఉన్నదా, లేదా, గదొక్కటి. ఉన్నదంటే అబద్ధమాడలేదని మా అమ్మకు చెప్పుకుంట. ఏడున్నా పోయి కాళ్లు పట్టుకుని తోల్కొచ్చుకుంట. గదొక్కటి చెప్పుండ్రి మేడం."

అతను అడిగింది ఒక్క మాట. అక్క అంటే నేనే, రాలేనన్నది నేనే అని చెబితే చాలు. కాని అది ఆమె నాకు దాచిపెట్టమని ఇచ్చిన మాట. ఆయినకు చెప్పకు అని పెదవి విప్పి అడిగింది. బతికి ఉంది, మంచిగా ఉన్నానని చెప్పింది. ప్రాణానికి ముప్పు ఉంటే మాట బయటపెట్టవచ్చని మాకు నేర్పారు. ఇక్కడ ముప్పు కాపురానికి. దాని గురించి ఎవరూ నేర్పలేదు.

"మళ్లా ఫోన్ చేస్తే, ఒకసారి నాతో మాట్లాడమని చెప్పండి" అన్నాను.

అతను లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "మీరు గూడ మా అమ్మ లెక్కనే అనుకుంటున్నరు. లేదనే గద" అని వెళ్లిపోయాడు.

మర్నాడు మా సీనియర్ మేడంకు మొత్తం చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నేనైనా చెప్పకపోదును" అంది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అంది. "మనం పొయ్యం అని చెప్పినం. సరే, నేను రాకపోతే ఆ రోజు ఏమైతది అని ఆమెను అడగలే." ఆ రోజు టీ ముట్టుకోలేదు.

మీకు చెప్పదలచుకున్నది అదే. ఆమె అడిగిందాన్ని మేం నియమానికి సంబంధించిన ప్రశ్న అనుకున్నాం. వెళ్లొచ్చా, వెళ్లకూడదా అని ఇద్దరం తలలు బద్దలుకొట్టుకున్నాం. సరైన జవాబే తేల్చాం, ఇప్పటికీ నాకు అనుమానం లేదు. కాని ఆమెకు జవాబు చెప్పేసరికి పని అయిపోయిందనుకున్నాం. పొద్దున పీట వేస్తారు, చుట్టాలు కూర్చుంటారు, అప్పుడు నువ్వేం చేస్తావు, నీ భర్త ఎక్కడుంటాడు, ఈ ముచ్చట అతని ముందు మనం ముగ్గురం మాట్లాడుకుందామా అని అడిగితే, ఇంట్లో ముందే చెప్పేశానన్న మాట ఆమె నోటి నుంచి వచ్చేదేమో. కాదన్నాక ఇంకాసేపు కూర్చోబెట్టుకోవడం మా పద్ధతిలో లేదు.

తర్వాత నన్ను మహబూబాబాద్‌కు మార్చారు. ఆమె పెరిగిన హాస్టల్ ముందు నుంచే రోజూ ఆటోలో వెళ్లేదాన్ని. ఎన్నడూ దిగి అడగలేదు. వెతకొద్దన్న మనిషిని వెతికే హక్కు నాకు లేదనుకునేదాన్ని. ఏ పంచాయితీలో కూర్చున్నా, ఎవరైనా "అక్కా" అంటే కొంచెం ఉలిక్కిపడేదాన్ని.

చివరగా భూపాలపల్లి. అప్పటికి నాకు ఆరో నెల. ఆడపిల్లల హాస్టల్ ఒకదానిలో పిల్లలతో మాట్లాడమని పిలిచారు. మాట్లాడడం అయ్యాక నీళ్ల కోసం వంటగది వైపు వెళ్తే, పెద్ద గిన్నెలో పప్పు కలుపుతున్న మనిషి వెనక్కి తిరిగింది.

"గుర్తువట్టిన్రా మేడం?"

చిక్కింది. జుట్టు పైకి ముడేసుకుంది. నాకు స్టూల్ తెచ్చి వేసింది. ఏం అడగాలో తెలియక పాప గురించి అడిగాను.

"ఆయినకు మళ్ల పెండ్లి చేసిన్రు. ఆమె మంచిదేనట, పిల్లను మంచిగనే చూస్తదట. నేను అప్పుడప్పుడు పోయి బడి ఇడిచే యాళ్లకు గేటు కాడ నిలవడ్త. మొన్న బస్సుకు అడ్డమున్ననని 'ఆంటీ, జరుగు' అన్నది." గరిటె గిన్నె అంచుకు తట్టింది. "మాట మంచిగ తిరిగింది దానికి. చిన్నప్పుడు నత్తిగ మాట్లాడేది."

నా ఉద్యోగం అప్పటికి వారం రోజుల్లో అయిపోతోంది. జనగామ వదిలి చాలా కాలమైంది. నేను ఆమెకు కౌన్సెలర్‌ను కాను. ఆ ధైర్యంతో అన్నాను.

"నీకు ఒడిబియ్యం నేను పోస్తా. ఇప్పుడైనా పోస్తా."

ఆమె నవ్వింది. ఎగతాళిగా కాదు, చిన్నపిల్ల తెలియక అన్న మాటకు నవ్వినట్టు.

"ఇప్పుడెందుకు మేడం? పోసిన బియ్యం ఏడ వండాలె? అత్తగారిల్లు ఉంటేనే గద తల్లిగారితోని పని."

హాల్లో పిల్లలు పళ్లాలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఆమె భర్త ఆ మధ్యాహ్నం వచ్చిన సంగతి చెప్పాను. ఇది ఆమెకు తెలియాల్సిన విషయమని అనుకున్నాను. అతను ఏమడిగాడో, కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తానన్నది కూడా చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"మీరేమన్నరు?"

"ఏమీ చెప్పలేదు. నువ్వు చెప్పొద్దన్నవు."

"నేనే అన్న గద" అంది. స్టవ్ మంట తగ్గించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా.

"చెప్పనందుకు మీ మీద కోపం లేదు మేడం" అంది. "చెప్పినా కోపం వచ్చేది గాదు."

వార్డెన్ గంట కొట్టింది. పిల్లలు వరసగా వచ్చేశారు. ఆమె గరిటె అందుకుని, మొదటి పిల్ల పళ్లెంలో పప్పు వడ్డించింది.